జంట కుచ్చులు

కంకిపాడు సెంటర్లో బస్సు దిగేసరికి పుల్లయ్య నా కోసం కాచుకుని ఉన్నాడు. భుజాన తువ్వాలు, చంకలో పాత పంచె చుట్టిన పొట్లం. నన్ను చూడగానే గబగబా వచ్చి నా చేతిసంచీ లాక్కున్నాడు.

పుల్లయ్య మా బావ అబ్రహాముకు సొంత తమ్ముడు. అబ్రహాము మా చెల్లెలు మార్త భర్త. కంకిపాడుకు దిగువన కాలువ గట్టు వెంట నడిస్తే వచ్చే చిన్న ఊళ్ళో సంఘపెద్ద. పాస్టరుగారు బెజవాడ నుంచి నెలకొకసారి వచ్చిపోతారు గనుక మిగతా ఆదివారాలు ఆరాధన నడిపేది, గుడి తాళం దాచేది, తగవులు తీర్చేది అన్నీ మా బావే. మర్నాడు వాళ్ళ గుళ్ళో కోత పండుగ. కాలేజీలో తత్వశాస్త్రం చెప్పే బావమరిది ఒకడున్నాడు గదా అని, వాక్యం చెప్పడానికి నన్ను రమ్మన్నాడు. నా భార్య పోయాక ఇలాంటి పిలుపులు నాకు పెద్ద ఆసరా. ఆదివారం మధ్యాహ్నం ఒక్కణ్ణీ కూర్చుని అన్నం తినే పని తప్పుతుంది.

"మీ అన్న పంపించాడా?" అన్నాను, పంపించడని తెలిసే.

"ఆయన పంపిస్తే పడమట పొద్దు పొడవాల" అని నవ్వాడు పుల్లయ్య. "నేనే వచ్చా బావగారూ. ఊళ్ళోకెళ్తే మా వదిన మిమ్మల్ని వదలదు. దారిలో అయితే నా మాట నాలుగు గడియలు వింటారు గదా అని."

గట్టు మీద నడిచాం. ఆ ఏడాది నవంబరులో వచ్చిన ఉప్పెన దివిసీమను మింగేసింది. ఇటువైపు ప్రాణాలు దక్కాయి గాని చేలు దక్కలేదు. కోతకొచ్చిన వరి నేలకు అంటుకుపోయి, తడికి మొలకలెత్తి, మగ్గిన వాసన వేస్తోంది. తలలు తెగిన తాటిచెట్లు మొండి స్తంభాల్లా నిలబడ్డాయి. ఈ ఏడు కోత పండుగ చేయాలా వద్దా అని సంఘంలో తర్జనభర్జన జరిగిందట. దక్కినదాంట్లోంచే ఇద్దాం అన్నాడట మా బావ.

గట్టు మలుపులో పుల్లయ్య ఆగి పొట్లం విప్పాడు. లోపల వరికంకుల కుచ్చు. కాడలు జడలా అల్లి, కంకులు కిందికి వేలాడేటట్టు గుండ్రంగా కట్టిన కుచ్చు. పిచ్చుకలు తింటాయని మావైపు చూరుకు కట్టుకుంటారు ఇలాంటివి. కానీ ఇంత ఒద్దికైన అల్లిక నేను చూడలేదు.

"పడిపోకుండా నిలబడ్డ చేను చెక్కలో మొదటి కోత" అన్నాడు. "రేపు మీ గుళ్ళో ఇద్దామని."

"నువ్వా?" అన్నాను. అన్నలా అతను మతం మారలేదు.

"నేనే. ఏం, పనికిరానా? గాలివానకి నా ఇంటి కప్పు లేచిపోయిన రోజున మా ఆడోళ్ళని తీసుకుని మీ గుళ్ళోకే పరిగెత్తా. వాన తెరిపిచ్చేదాకా అక్కడే ఉన్నాం. మీ మతమేదని ఎవరూ అడగలా. అన్న అందరికీ గంజి పోశాడు. నా ముంతలో ఓ గరిటె ఎక్కువే పోశాడు. మాట మాత్రం పోయలా. నేను ఎదురుగానే ఉన్నానా, 'మార్తా, ఉప్పు సరిపోయిందేమో అడుగు' అంటాడు."

"నువ్వేమన్నావు?"

"నేనేం తక్కువ తిన్నానా? 'సరిపోయిందని చెప్పు వదినా' అన్నా."

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత అతను కుచ్చును మళ్ళీ పంచెలో చుడుతూ, తల ఎత్తకుండా అన్నాడు.

"సోమవారం పొద్దున బస్సుకి కొండపల్లి పోతన్నా బావగారూ. మా వాడు అక్కడ థర్మల్ స్టేషన్ పనిలో కుదిరాడు గదా, వచ్చి తన దగ్గరుండమంటన్నాడు. ఇక్కడ కప్పు లేదు. చేను కౌలుకిచ్చేశా. మళ్ళీ వస్తానో రానో. పోయేలోపు ఇది అన్న నా చేతిలోంచి తీసుకోవాల. తీసుకుని నాతో ఒక్క మాట అనాల. తిట్టినా సరే. మీరు కాస్త చెప్పి చూడండి."

"చెబుతాను" అన్నాను.

"ఇంకోటుంది." అతను కాలువ వంక చూశాడు. "దీనికి జంట ఉంది. అది అమ్మవారి దగ్గర కట్టా. మా నాన్న కాడి నుంచీ కడతన్నాం. ఆమెకి ముందు, మీ దేవుడికి వెనక అని కాదు. రెండూ ఒక్క పూటే కోశా, ఒక్క పూటే అల్లా. అడక్కపోతే చెప్పను. అడిగితే అబద్ధం ఆడను."

"అడుగుతాడు, పుల్లయ్యా."

"అడుగుతాడు" అని ఒప్పుకున్నాడు. "మీ దేవుడు గొప్పోడే, నేను కాదంటన్నానా? అంత గొప్పోడు ఈ కాస్త దానికి చిన్నబుచ్చుకుంటాడాండీ?"

ఈ ప్రశ్నకు క్లాసులో అయితే నాకు జవాబుంది. దేవుడొక్కడే అన్నప్పుడు మనసు కూడా ఒక్కటే కావాలి గదా అని చెబుతాను. నేనది నమ్ముతాను కూడా. కాలువ గట్టు మీద మాత్రం, అతని చంకలోని పొట్లం వంక చూస్తూ నడిచాను.

*

అన్నదమ్ముల మాటలు ఆగిపోయింది వాళ్ళమ్మ పోయినప్పుడు. అప్పటికి ముసలమ్మ పెద్దకొడుకు వెంట గుడికి వస్తూ బాప్తిస్మం తీసుకుంది. కాబట్టి సంఘం శ్మశానంలోనే సమాధి చేశారు. పుల్లయ్య ఒక్కమాట అడ్డు చెప్పలేదు, మన్ను కూడా వేశాడు. మూడోనాడు మాత్రం విస్తరాకులో అన్నం, ఆమెకు ఇష్టమని ఎండుచేపల పులుసు పెట్టుకుని సమాధి దగ్గరకు వెళ్ళాడు. అబ్రహాము ఆ ఆకు తీసి కంచె అవతల పారేశాడు. మార్త చెప్పగా విన్నాను. పుల్లయ్య ఏడవలేదట, కొట్లాడలేదట. కంచె దాటి వెళ్ళి, చెదిరిన మెతుకులు ఏరి ఆకులో వేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడట.

నేను ఊరు చేరిన ఆ సాయంత్రం భోజనాల దగ్గర, పుల్లయ్య కుచ్చు తెస్తున్న సంగతి ఎత్తగానే బావ కంచంలోంచి చెయ్యి తీశాడు. పొడుగాటి మనిషి, కంచు గొంతు. మామూలుగా మాట్లాడినా వీధి చివరికి వినిపిస్తుంది.

"జంట కడతారు మా ఇంట్లో. ఇది జంటలో ఒకటా కాదా? అది చెప్పు బావా ముందు."

"నన్ను కాదు, వాణ్ణే అడుగు."

"వాణ్ణి నేనెందుకు అడుగుతా? నువ్వు అడిగి చెప్పు."

"అబ్బబ్బ!" అంది మార్త పులుసు గిన్నె ఠక్కున దించి. "అటొక గోడ, ఇటొక గోడ. మధ్యలో మోసీ మోసీ నా నోరు అరిగిపోయింది అన్నయ్యా. 'చేలో నీళ్ళు వదిలాడేమో అడుగు', 'వదిలానని చెప్పు'. పక్కపక్క చేలు! గట్టెక్కి అరిస్తే వినపడదూ?"

బావ ఆమె మాట పట్టించుకోలేదు. "రేపు నువ్వు చెప్పేది మతం ఎట్టా పుట్టిందనే గదా? ఎట్టా పుట్టిందంట మీ కాలేజీలో?"

"ఉరుముకీ మెరుపుకీ దడిసి మనిషి దేవుళ్ళను చేసుకున్నాడని కొందరు రాశారు. చచ్చిపోయినవాళ్ళు కల్లోకి వస్తే ఆత్మలున్నాయనుకున్నాడని కొందరు."

"మొదటివాళ్ళు చెప్పిందే నిజం. భయం. నేను కళ్ళారా చూశా." బావ గొంతు తగ్గింది. "మాకో చెల్లెలుండేది. పుల్లయ్య అప్పటికి చంకబిడ్డ, వాడికి గుర్తు లేదు. దానికి మశూచి వస్తే అమ్మవారు పోసిందన్నారు. మిషన్ ఆసుపత్రి నర్సమ్మ గుమ్మందాకా వస్తే మా నాన్న లోపలికి రానివ్వలా. ఇంట్లో ఉన్న ఒక్క మేకనీ అమ్మవారికి బలిచ్చేశాడు. మేకా పోయింది, పిల్లా పోయింది. తర్వాత ఆయన ఏమన్నాడో తెలుసా? మేక చిన్నదైపోయిందిరా, అందుకే కోపం తీరలేదు అన్నాడు. జీవితమంతా ఆ మాటే అనుకుంటా పోయాడు. ఆ గుంటలోంచి ప్రభువు నన్ను చెయ్యి పట్టి లాగాడు బావా. మళ్ళీ అందులో కాలు పెట్టమంటావా?"

ఆ మేక సంగతి మార్త కూడా మొదటిసారి వింటున్నట్టుంది, పీట మీద అలాగే కూర్చుండిపోయింది.

"మరి ఆ ఆకు?" అన్నాను.

"మా అమ్మ ఆకలితో తిరుగుతోందని వాడు అనుకుంటే నేనెట్టా ఊరుకుంటా? బతికున్నన్నాళ్ళూ సగం కడుపుతోనే బతికింది. పోయాక కూడా ఆకలేనా? ఆమె ప్రభువు బల్ల దగ్గర కూర్చుని తింటోంది. నాకది కావాల. అందుకే పారేశా."

"నేను ప్రతి ఆదివారం సాయంత్రం మా ఆవిడ సమాధి మీద బంతిపూలు పెట్టి వస్తాను బావా" అన్నాను.

"పూలు వేరు."

"ఆవిడ వాసన చూస్తుందని కాదు. ఉత్త చేతులతో వెళ్ళలేక."

"పూలు వేరు బావా" అన్నాడు మళ్ళీ. కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. మార్త నా కంచంలో అడక్కుండానే మజ్జిగ పోసింది. చిన్నప్పటి నుంచీ అంతే, మాటలు చాలని చోట దానికి మజ్జిగ గుర్తొస్తుంది.

*

ఆదివారం గుడి నిండింది. అరుగు మీద కూడా చాపలు పరిచారు. బల్ల ముందు గుమ్మడికాయలు, అరటిగెలలు, చెరుకుగడలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. పోయినేటితో పోలిస్తే కుప్ప చిన్నదే. అయినా మొలకెత్తిన వడ్లను ఎండబెట్టి, దంచి, మానెడు బియ్యం చేసుకుని తెచ్చిన ఒక ముసలామె, దాన్ని పెడుతున్నప్పుడు సిగ్గుపడి కొంగు అడ్డం పెట్టుకుంది. పక్కావిడ ఆ కొంగు తీసేసి, "అందరూ చూడనీ, ముత్యాల్లా ఉన్నాయి" అంది. కప్పులు లేచిపోయిన ఊళ్ళో ఇలాంటి మాటలు ఇంకా మిగిలి ఉన్నాయి.

పుల్లయ్య లోపలికి రాలేదు. చెప్పులు విడిచి తలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డాడు, కుచ్చు రెండు చేతులతో పట్టుకుని.

నేను తొలి మానవుల కొడుకులు, కయీను హేబెలు అనే అన్నదమ్ముల గురించి చెప్పాను. వాక్యంలో కనిపించే మొదటి కానుకలు వాళ్ళవే. చిత్రమేమిటంటే, తెమ్మని ఎవరూ అడిగినట్టు లేదు. వాళ్ళ అమ్మానాన్నలు దేవుడి తోటలో ఉన్నంతకాలం బలిపీఠం లేదు, కానుక లేదు, పూజారి లేడు. చల్లపూట దేవుడు నడుచుకుంటూ వచ్చేవాడు, మనిషిని పేరు పెట్టి పలకరించేవాడు, అంతే. తోట పోయింది. ఆ పిల్లలు తోటను చూడలేదు. సాయంత్రమయ్యేసరికి అమ్మానాన్నలు ఎవరి అడుగుల చప్పుడు కోసమో చెవి ఒగ్గి కూర్చోవడం మాత్రం చూసి ఉంటారు. ఆ దిగులు పట్టుకునే కయీను కంకులు తెచ్చాడు, హేబెలు గొర్రెపిల్లను తెచ్చాడు.

"మనిషి మతం అక్కడ పుట్టిందని నాకనిపిస్తుంది" అన్నాను. "భయం తర్వాత వచ్చింది. బేరం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది దిగులు. మాటలు ఆగిపోయిన ఇంటికి మళ్ళీ వెళ్ళాలంటే ఊరికే వెళ్ళలేం. చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఆ చేతిలోదే కానుక. కానీ దానితోనే మనిషి తృప్తిపడిపోయాడు, నాది గొప్పదా నీది గొప్పదా అన్నాడు, మొదటి పూజ జరిగిన చోటే మొదటి రక్తం పడింది, కయీను హేబెలును చంపాడు. మన చేతులు పైకి అందవని తెలిసే దేవుడు తానే దిగి వచ్చి మన దుమ్ము దారుల్లో నడిచాడని మనం నమ్ముతాం. చివరికి ఆయన మనకిచ్చే పట్టణంలో గుడి ఉండదట. ఆయనే ఎదురుగా ఉంటే గుడి ఎందుకు?"

బావ ముందు వరుసలో నిటారుగా కూర్చుని వింటున్నాడు. అతని కోసమే దాచుకున్న మాట అప్పుడు చెప్పాను.

"హేబెలు కానుకను తీసుకున్న దేవుడు కయీనుది తీసుకోలేదు. అయినా కయీనుతో మాట్లాడటం మానలేదు. కానుక కాదన్నాకా మాట్లాడాడు, అంత ఘోరం చేశాక కూడా మాట్లాడాడు."

బావ తల ఊపాడు. నా మాట పట్టిందనుకున్నాను.

తర్వాత కానుకల వరుస. ఒక్కొక్కరూ వచ్చి ఇస్తుంటే బావ అందుకుని, దీవించి, చాప మీద పెట్టాడు. అందరూ అయ్యాక పుల్లయ్య తలుపు దగ్గర నుంచి నడిచి వచ్చాడు. పాట ఆగింది. కోళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. అతను అన్న ఎదురుగా నిలబడి కుచ్చు చాచాడు.

ఎంత అందంగా ఉందో ఆ కుచ్చు! బావ దాన్నే చూస్తున్నాడు. వాళ్ళ నాన్న అల్లిక. అతని చెయ్యి కొద్దిగా లేచింది కూడా. నేను చూశాను.

"బావా" అన్నాడు నా వైపు తిరిగి. "దీని జంట ఎక్కడుందో అడుగు."

"ఎదురుగా ఉన్నాడు గదా, నువ్వే అడుగు" అన్నాను.

పుల్లయ్యే నా వైపు చూసి అన్నాడు. "అమ్మవారి దగ్గరుందని చెప్పండి బావగారూ."

అరుగు మీద ఎవరో, "అనకపోతే ఏం పోయిందిరా" అని గొణిగారు.

బావ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. సంఘం వైపు చూసి, ఆరాధన నడిపే గొంతుతో, "పంచిన కానుక ఈ బల్ల మీదికి రాదు. దేవుడంతటివాడు కయీనుది తీసుకోలేదు. ఇప్పుడే విన్నాం గదా" అన్నాడు.

నేను విత్తిన మాట అలా మొలిచింది. రెండు సగాలు చెబితే అతనికి మొదటి సగమే చాలింది. లేచి అడ్డం వెళ్ళి ఆ కుచ్చు నేను అందుకుంటే? అదీ తోచింది. కానీ పుల్లయ్య అడిగింది నా చేతులు కాదు.

పుల్లయ్య చాచిన చేతులు కాసేపు అలాగే ఉంచాడు. బరువు తెలియనివాడిలా. తర్వాత వెనక్కి తిరిగి బయటికి నడిచాడు. ఇవ్వాలని తెచ్చింది ఇంటికి తీసుకుపోకూడదని కాబోలు, చెప్పులు వేసుకునే ముందు మునివేళ్ళ మీద లేచి, గుడి చూరుకున్న కొక్కేనికి దాన్ని తగిలించి వెళ్ళిపోయాడు.

*

ఆరాధన అయ్యాక గుడి ముందు వేలం. కానుకగా వచ్చినవన్నీ ఊరివాళ్ళే పాడుకుంటారు. ఆ వేలం మా బావ గొంతు కోసమే వినేవాళ్ళున్నారు. ఆ రోజూ అలాగే మొదలుపెట్టాడు. "ఈ పుంజు సంగతి మీకు తెలియదు! తెల్లారుజామున లేచి ముందు ప్రార్థన చేసుకుని అప్పుడు కూస్తుంది. నిద్రపోయే విశ్వాసులు పాడుకోండి!" నవ్వారు. గుమ్మడికాయ ఎత్తుకున్నాడు. అప్పుడే అతని తల పైన చూరులో కిచకిచలు మొదలయ్యాయి.

గాలివాన తర్వాత ఆ ఊళ్ళో పిచ్చుకలు కనబడటం తగ్గిందని మార్త అంటూనే ఉంది. ఎక్కడెక్కడ దాక్కున్నాయో, అన్నీ ఆ కుచ్చు మీద వాలాయి. ఊగుతూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ తింటున్నాయి. ఊక బావ భుజం మీద రాలుతోంది. ఒకామె చీపురు తీసుకుని అదిలించబోయింది.

"కొట్టమాకు" అంది మార్త గట్టిగా, భర్తకు వినబడేటట్టు. "వాటికి జంట ఎక్కడుందో అడగడం రాదు. తిననీ."

బావ గుమ్మడికాయ పట్టుకుని నిలబడ్డాడు. పాట పెరుగుతోంది గాని అతను వినడం లేదు. "అబ్రహామన్నా, నాదే హెచ్చు పాట" అని ఒకతను రెండుసార్లు గుర్తు చేయాల్సి వచ్చింది. గుమ్మడికాయ అతని చేతుల్లో పెట్టేసి, మిగతా వేలం ఇంకొకరికి అప్పగించి, వచ్చి నా పక్కన అరుగు మీద కూర్చున్నాడు. భుజం మీది ఊక దులుపుకోలేదు.

"ఆ ఇద్దర్లో పెద్దోడెవరు బావా?" అన్నాడు.

"కయీను."

"చిన్నోడు హేబెలు."

"అవును."

"ఇన్నేళ్ళూ ఆ కథ చదువుతా, హేబెలు నేనే అనుకున్నా" అన్నాడు.

నేను అతని మోకాలి మీద చెయ్యి వేశాను. "రా, పుల్లయ్య ఇంటికి వెళ్దాం. ఇప్పుడే."

లేవబోయాడు. మళ్ళీ కూర్చున్నాడు. "అందరి ముందూ వాడి కానుక వెనక్కి పంపా. చాటుగా వెళ్ళి ఎట్టా దిద్దుకుంటా? ఏమని మొదలుపెట్టాల? పొద్దున బస్సు దగ్గరికి వస్తా. నలుగురూ ఉంటారక్కడ. అక్కడే చెప్తా."

ఆ పొద్దున్నకు వాయిదా వేయనివ్వకుండా అతని చెయ్యి పట్టి లాక్కెళ్ళి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఆ వయసు మనిషిని చెయ్యి పట్టి లాగగలమా?

*

సోమవారం పొద్దున కంకిపాడు సెంటర్లో పుల్లయ్య, భార్యా ట్రంకు పెట్టె మీద కూర్చుని ఉన్నారు. పక్కన వంటగిన్నెల మూట, చుట్టిన చాప. నేనూ అదే బస్సుకు బెజవాడ వెళ్ళాలి. పుల్లయ్య నన్ను చూసి నవ్వాడు గాని నిన్నటి సంగతి ఎత్తలేదు.

బావ సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, గుడికి వేసుకునేది. రోడ్డు అవతలే ఆగాడు. ఉయ్యూరు ఫ్యాక్టరీకి చెరుకు బళ్ళు వరసగా పోతున్నాయి. అవి పోయేదాకా అటు అన్న, ఇటు తమ్ముడు. బళ్ళు పోయాయి. బావ రోడ్డు దాటి వచ్చి మా ఎదురుగా నిలబడ్డాడు. పెదవులు కదిలాయి.

"బావా" అన్నాడు. "అన్నం తిని బయల్దేరారేమో అడుగు."

పుల్లయ్య నా వైపు చూశాడు, జవాబు నాకు ఇవ్వడానికి సిద్ధంగా.

నేను కళ్ళజోడు తీసి పైపంచెతో తుడవడం మొదలుపెట్టాను. తుడిచిందే తుడిచాను. నా నోరు లేకపోతే వాళ్ళ నోళ్ళు తెరుచుకుంటాయని నా ఆశ. ఇన్నాళ్ళూ మార్తా నేనూ మోసింది వాళ్ళ మాటలనో, వాళ్ళ మౌనాన్నో.

"అడుగు బావా" అన్నాడు మళ్ళీ. గొంతులో బతిమాలడం ఉంది.

పుల్లయ్య భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పుల్లయ్య తువ్వాలు అంచు మెలిపెడుతున్నాడు. అంతలోకే బస్సు వచ్చింది.

బస్సు వచ్చాక మనుషులు మనుషులు కారు. ట్రంకు పెట్టె పైకి, మూట లోపలికి, తోపులాట, కండక్టరు కేకలు. పుల్లయ్య భార్యకు ముందు ఆడవాళ్ళ సీట్లో చోటు దొరికింది. ఎవరో ఒకాయన జరిగి మా ఇద్దరికీ వెనక చోటిచ్చాడు. పుల్లయ్య కిటికీ పక్కన కూర్చున్నాడు. కండక్టరు తలుపు మీద కొట్టాడు. అప్పుడు బావ సైకిలు అక్కడే కింద పడేసి కిటికీ దగ్గరకు వచ్చాడు. ఊచ పట్టుకున్నాడు. బస్సు కదులుతుంటే దానితో పాటు నడుస్తున్నాడు.

"ఒరే, ఆ కిటికీ దగ్గర కూర్చోమాక. దుమ్ము. నీకు దగ్గు గదా."

నాతో కాదు. తమ్ముడి ముఖంలోకి చూసి అన్నాడు.

"సరే అన్నా" అన్నాడు పుల్లయ్య.

బస్సు వేగం అందుకుంది. బావ చెయ్యి ఊచ వదిలింది. వెనక్కి తిరిగి చూస్తే రోడ్డు మధ్యలో, ఇంకేదో మాట నోట్లోనే ఉన్నవాడిలా నిలబడి కనిపించాడు. తర్వాత దుమ్ము కమ్మింది.

బస్సు పోరంకి దాటింది. చలికాలపు ఎండ పుల్లయ్య ఒళ్ళో పడుతోంది.

"దగ్గు చిన్నప్పుడుండేది బావగారూ" అన్నాడు. "తగ్గిపోయి శానా ఏళ్ళయింది. ఆయనకి ఎవరూ చెప్పలేదనుకుంటా."

"చెప్పాల్సింది, తగ్గిందని."

"ఎట్టా చెప్తానండీ?" అన్నాడు. "ఆయన అన్నదే ఆ ఒక్క మాట."

అని, ఎండ కోసం తెరిచి ఉన్న కిటికీ రెక్కను నెమ్మదిగా కిందికి దించుకున్నాడు.